నాలుగో పూతరేకు

జులై 3, గురువారం

మా కాలేజీకి కొత్త జబ్బు వచ్చింది. దాని పేరు క్వాలిటీ.

లెక్చరర్లందరినీ రాజమండ్రిలో ట్రైనింగుకి పంపించారు. వెళ్ళేటప్పుడు మామూలు మనుషుల్లాగే వెళ్ళారు. తిరిగొచ్చేసరికి మెడలో ఐడీ తాళ్ళు, చేతిలో గుడ్డసంచులు, నోట్లో కొత్త మాటలు. ఇకమీదట పాఠం చెప్పకూడదట, పిల్లలచేత చెప్పించాలట. హిస్టరీ వీరబాబు గారు అయిదు రోజుల ట్రైనింగులో ఈ ఒక్క ముక్కా గట్టిగా పట్టుకొచ్చారు. క్లాసులోకి వెళ్ళి, ఊఁ, మీరే చెప్పండి అని కుర్చీలో కూలబడుతున్నారు. పిల్లలు చెప్పరు. ఆయనా చెప్పరు. బెల్లు మాత్రం టైముకి మోగుతోంది.

నాకేం, లాభమే. క్లాసులో ఏమీ దొరక్కపోతే పిల్లలు క్యాంటీనుకే వస్తారు. ఈ గవర్నమెంటు డిగ్రీ కాలేజీలో ఏ సబ్జెక్టుకీ లేని అటెండెన్సు నా మిరపకాయ బజ్జీకి ఉంది. ఇంటర్ ఇంగ్లీషులో తప్పిన ఈ వీరదుర్గ దగ్గర డిగ్రీ పిల్లలు క్యూ కడుతున్నారు. మా ఆయన చినబాబు మాత్రం, నోరు తగ్గించుకో, కాంట్రాక్టు పోతుంది అంటాడు. ఆయన చేతిలో ఎప్పుడూ జల్లిగరిటె ఉంటుంది కాబట్టి నేను ఎదురు చెప్పను.

జులై 7, సోమవారం

లెక్చరర్లకి ఫేస్ అటెండెన్సు పెట్టారు. పొద్దున్నే ఫోనుకి ముఖం చూపిస్తేనే జీతం. అటెండరు బుల్లియ్య నా దగ్గర టీ తాగుతూ, కొందరి ముఖాలు అది గుర్తుపట్టడం లేదండీ అన్నాడు. పళ్ళు కనపడేలా నవ్వితే పడుతుందట, టీవీలో చెప్పారు అన్నాను.

బుల్లియ్య కడుపులో మాట ఆగదు. పదిన్నరకల్లా స్టాఫంతా కాలేజీ ముందు నిలబడి ఫోనులకి ఇకిలిస్తున్నారు. ప్రిన్సిపాల్ సత్యప్రసాద్ గారు నవ్వగా నేను పన్నెండేళ్ళలో చూడలేదు. ఆయనకి పైన ఒక పన్ను లేదని ఇవాళే తెలిసింది.

జులై 10, గురువారం

పది గంటల బజ్జీలు మిగిలిపోయాయి. వరసగా మూడో రోజు.

జులై 11, శుక్రవారం

కారణం పట్టుకున్నాను. ఎకనామిక్స్ గెస్టు లెక్చరరు, దీవెన మేడం. పది గంటలకి రూమ్ నంబర్ తొమ్మిదిలో ఆవిడ క్లాసు. సన్నగా ఉంటుంది, గొంతు కూడా చిన్నది, ద్రాక్షారామం నుంచి బస్సులో వస్తుంది. ట్రైనింగుకి ఈవిడని పంపించలేదు, గెస్టులకి లేదట. అందుకే కాబోలు పాఠం చెబుతోంది.

బజ్జీల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. వాసన తగిలితే ఎంత చదువైనా లేచి వస్తుందని నా నమ్మకం. ఆవిడ పాఠం ఆపి, రండి దుర్గగారూ, కూర్చోండి అంది. నలుగురిలో పిలిస్తే కాదనలేం కదా, ఆఖరి బెంచీలో కూర్చున్నాను. కాసేపయ్యాక, ఇక్కడ కూర్చున్నందుకు మీకేం ఖర్చయిందండీ అని అడిగింది. ఫ్రీయే కదండీ అన్నాను. అప్పుడే కిటికీలోంచి మాడు వాసన వచ్చింది. స్టవ్ మీద మూకుడు వదిలేసి వచ్చాను, మా ఆయన బజారుకి వెళ్ళాడు.

క్లాసంతా గొల్లున నవ్వింది. దీన్నే అవకాశ వ్యయం అంటారు అని ఆవిడ బోర్డు మీద రాసింది.

నలభై ఆరేళ్ళుగా నేను ఊరందరినీ ఆటపట్టిస్తున్నాను. నన్ను పాఠంలో పెట్టి చూపించింది ఈవిడొక్కతే. కోపం రావాలి. బెల్లు కొట్టేదాకా లేవలేదు.

జులై 16, బుధవారం

ఫీడ్‌బ్యాక్ అట. పిల్లలు క్యూఆర్ కోడు స్కాన్ చేసి లెక్చరర్ల మీద అభిప్రాయం రాయాలి. లెక్చరరుకొకటి చొప్పున కోడు కాగితాలు నోటీసు బోర్డుకి అంటించమని బుల్లియ్యకిచ్చారు. అతనికి బోర్డు తాళం దొరక్క నా కౌంటరు మీద పెట్టి వెళ్ళాడు. నేను ఊరికే ఉండలేక ఒక్కోటీ ఒక్కో తినుబండారాల డబ్బా మీద అంటించాను. పైన, రుచి ఎలా ఉందో చెప్పండి అని రాశాను.

జులై 18, శుక్రవారం

స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ గారు ఫీడ్‌బ్యాక్ చదివారట. ఫిజిక్సుకి: నూనె మార్చండి. బోటనీకి: పొద్దున బాగుంటుంది, సాయంత్రానికి మెత్తబడిపోతోంది. కెమిస్ట్రీకి: నిన్నటిదే మళ్ళీ వేడి చేసి పెడుతున్నారు.

కెమిస్ట్రీ ఆయన ముఖం వాడిపోయిందట. ఎవరు రాశారు సార్, అంత కరెక్టుగా అన్నారట. ఇంటికెళ్ళి పాత నోట్సు చింపేసి కొత్తది రాసుకుంటున్నారని బుల్లియ్య చెప్పాడు. ట్రైనింగు వల్ల కానిది నా బజ్జీల డబ్బాల వల్ల అయింది.

జులై 21, సోమవారం

ఇంకో కాగితం వచ్చింది. ముప్ఫయ్యో తారీకున రాష్ట్రస్థాయి పరిశీలన టీం వస్తుంది. క్లాసులో వెనక కూర్చుని పాఠం వింటారు, మార్కులు వేస్తారు. పర్మనెంటు వాళ్ళకి ఆ మార్కులు ఫైల్లోకి పోతాయి. గెస్టులకి మాత్రం ఆ మార్కులు ఉంటేనే ఆగస్టు నుంచి కొనసాగింపు. చూడని క్లాసుకి మార్కుల్లేవు, మార్కుల్లేని గెస్టుకి ఉద్యోగం లేదు.

దీవెన మేడం టీకి వచ్చినప్పుడు అడిగాను. అన్నీ మామూలుగా చెప్పింది, అదే నాకు బాధనిపించింది. పీహెచ్‌డీ చేసింది. పోయినేడాది ప్రైవేటు కాలేజీలో చేస్తే అది మూతపడింది. ఇదీ పోతే కాకినాడలో చీరల షాపులో బిల్లింగుకి రమ్మన్నారట, పిన్ని కూతురు అక్కడే ఉందట. ఇంట్లో అమ్మ సంపూర్ణమ్మ గారు రోజూ ప్రార్థనలో ముప్ఫయ్యో తారీకుని పేరు పెట్టి అడుగుతున్నారట.

చీరల షాపులో కూర్చుని బోర్డు మీద ఏం రాస్తావమ్మా అనబోయి ఊరుకున్నాను. నేను కూడా ఊరుకోగలనని తెలిసింది.

జులై 23, బుధవారం

కాగితం చివర ఇంకో లైనుందట. టీం వాళ్ళు ఎలాంటి ఆతిథ్యమూ స్వీకరించరు, మంచినీళ్ళు చాలు.

ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి అది రెండుసార్లు చదివి వినిపించారు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పెద్దవాళ్ళు అలాగే అంటారు కదండీ అన్నారాయన. అవునండి, పెళ్ళికి ముందు మగపెళ్ళివారు కూడా మాకేమీ వద్దండి అనే అంటారు అన్నాను. వద్దన్నారని నిజంగా మానేస్తే మన ముఖాన ఉమ్మేయరూ అన్నారు. నిజమే అన్నాను. ఈ ఒక్క విషయంలో మా ఇద్దరికీ ఎప్పుడూ తేడా రాలేదు.

మెనూ రాసుకున్నాం. పనసపొట్టు కూర, గుత్తివంకాయ, కందా బచ్చలి, పులస పులుసు, పెరుగు, ఆత్రేయపురం పూతరేకులు. మా మేనత్త అప్పాయమ్మ యానాం రేవులో చేపలమ్ముతుంది, గోదావరికి ఎర్రనీళ్ళు దిగాయి కాబట్టి పులస పంపిస్తానంది.

జులై 29, మంగళవారం

రేపే. గోడల మీద చార్టులు, గుమ్మానికి మామిడాకులు. మామిడాకులు ఎందుకని దీవెన మేడం అడిగింది. పెళ్ళిచూపులు కదా అన్నాను. మరి పిల్ల ఎవరండీ అంది. నువ్వే అన్నాను.

జులై 30, బుధవారం. ఉదయం 10.30

వచ్చారు. ఇద్దరు. పెద్దాయన పేరు ఓబులపతి గారు, అనంతపురం మనిషి, రిటైరైన లెక్కల ప్రొఫెసరు. పొడుగ్గా, ఎండిన కర్రలా ఉన్నారు. పక్కన విశాఖపట్నం నుంచి ఒక మేడం, పెన్ను కిందపెట్టదు.

కొబ్బరిబొండం ఇస్తే పెద్దాయన వద్దన్నారు. వద్దంటే ఇంకోటి కొట్టించాం. ఆయన రెండింటినీ చూసి, ఒద్దని చెప్పినా గదా అన్నారు. వినయం ఉన్న మనిషి అని ప్రిన్సిపాల్ గారు నా చెవిలో అన్నారు.

ఒక్కటే దారుణం. కారులోంచి రెండు స్టీలు క్యారేజీలు దించారు. సొంత భోజనం తెచ్చుకున్నారు. మా ఊరు వచ్చి.

12.45

క్యారేజీలు కనపడటం లేదని ఆఫీసులో వెతుకుతున్నారు. ఇక్కడి కుక్కలు చాలా తెలివైనవండీ అని చెప్పాను. మూత బిగించిన క్యారేజీని కుక్క ఎట్ల ఎత్తుకపోతుందమ్మా అని పెద్దాయన అడిగారు. పిడి ఉంటుంది కదండీ అన్నాను.

అవి నా బియ్యం డబ్బాలో క్షేమంగా ఉన్నాయి. అరిటాకులు వేసేశాం.

1.40

కొంప మునిగింది.

ఒంటిగంటన్నరకి రూమ్ తొమ్మిదిలో దీవెన మేడం క్లాసు చూడాలి, రెండింటికి కారు బయలుదేరాలి. ఆయన ఇంకా ఆకు ముందే ఉన్నారు. ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెడితే, బుల్లియ్య గరిటె పట్టుకుని ఆ చేతులు ఎప్పుడు తీస్తారా అని కాసుకుని నిలబడ్డాడు. తీశారు. వడ్డించాడు. ప్రిన్సిపాల్ గారు పక్కన కూర్చుని, ఇది తినకపోతే మా మీద కోపం ఉన్నట్టేనండి అని ఒక్కో కూరకీ అంటున్నారు. పూతరేకుల దగ్గరికొచ్చాక ఇంకా ఘోరం. ఆ మేడం ముందే తెలివిగా లేచి వెళ్ళి చెయ్యి కడుక్కుంది.

కడుక్కుంటూ నాతో అంది, రూమ్ తొమ్మిది వదిలేస్తున్నాం, టైము లేదు, నాట్ అబ్జర్వ్‌డ్ అని రాసేస్తాను.

కిటికీలోంచి చూశాను. దీవెన మేడం చాక్‌పీసు పట్టుకుని నిలబడి ఉంది. పిల్లలు ఒక్కరూ కదల్లేదు. ఆవిడ శుభ్రంగా ఉన్న బోర్డునే మళ్ళీ తుడిచింది.

క్యారేజీలు దాచకుండా ఉంటే వాళ్ళు పావుగంటలో తినేసి ఈపాటికి ఆ గదిలో కూర్చునేవారు.

వెళ్ళాలి.

సాయంత్రం 5.00

జరిగింది జరిగినట్టు రాస్తాను.

బియ్యం డబ్బాలోంచి క్యారేజీలు తీసి, పరుగున వెళ్ళి రూమ్ తొమ్మిదిలో ఆఖరి బెంచీ మీద పెట్టాను. ఏంటండీ ఇవి అంది దీవెన. నీ ఉద్యోగం అన్నాను. తిరిగొచ్చేసరికి పెద్దాయన కారు దగ్గర ఉన్నారు. ఎదురుగా పళ్ళెంలో ఇంకో పూతరేకు పట్టుకుని ప్రిన్సిపాల్ గారు, వెనక బుల్లియ్య.

సార్, మీ క్యారేజీలు దొరికాయండి, రూమ్ నంబర్ తొమ్మిదిలో అన్నాను. తెచ్చియ్యమ్మా అన్నారు. ఎవరివో పోల్చుకోవాలి కదండీ, మీరే రండి అన్నాను. ఆ మేడం వాచీ చూసుకుంది. ఆయన మాత్రం నడవడం మొదలుపెట్టారు. అది మా ఇంటామె క్యారేజీ, అది లేకుండా ఇంటికి పోలేను అన్నారు. పెళ్ళైన మగవాడు ఏ జిల్లావాడైనా ఒక్కటే.

ఆయన వెనక మేడం, ప్రిన్సిపాల్ గారు, పళ్ళెం, బుల్లియ్య, నేను. ఊరేగింపులా గదిలోకి వెళ్ళాం. పిల్లలు లేచి నిలబడ్డారు. ఆయన ఆఖరి బెంచీ దాకా వెళ్ళి క్యారేజీ చేతిలోకి తీసుకుని మూత తీసి చూశారు. అన్నం అన్నంలాగే ఉంది. అప్పుడు కూడా ప్రిన్సిపాల్ గారు ఆగలేదు, సార్ ఈ ఒక్కటీ అని పూతరేకు ముఖం దగ్గర పెట్టారు.

పెద్దాయన ముఖం ఎర్రబడింది. ఇక అరుస్తారు అనుకున్నాను.

దీవెన చిన్న గొంతుతో అంది: "సార్, ఒక్క ప్రశ్న అడగొచ్చా అండి? మొదటి పూతరేకు ఎలా ఉందండీ?"

ఆయన ఆవిడని చూశారు. బోర్డు చూశారు. దాని మీద ఏదో నిలువు గీతా అడ్డగీతా ఉన్నాయి, అంతే.

"మొదటిది శానా బాగుండాది," అన్నారు.

ఆవిడ బోర్డు మీద పైన ఒక చుక్క పెట్టింది. రెండోదండీ అంది.

"బాగుండాది. అంత కాదు."

ఇంకో చుక్క, కొంచెం కింద.

"మూడోదండీ?"

"మీ ప్రిన్సిపాలయ్య బాధపడతాడని తిన్న్యా."

అడ్డగీతకి ఆనుకుని చుక్క. పిల్లలు నవ్వాపుకోలేక పుస్తకాలు అడ్డం పెట్టుకున్నారు. ప్రిన్సిపాల్ గారు పళ్ళెం మెల్లగా వెనక్కి దాచుకున్నారు.

"నాలుగోదండీ?"

"నాలుగోది నేను తినలేదు తల్లీ. నా నోట్లో పెట్టినారు."

ఆవిడ చాక్‌పీసు గీత దాటి కిందకి వెళ్ళి, అక్కడ చుక్క పెట్టింది. నాలుగు చుక్కలనీ కలిపింది. వాలుగా దిగిపోయిన గీత. పూతరేకు నాలుగుసార్లూ ఒక్కటే, తియ్యదనం మారలేదు, మరి మారిందేమిటి అని పిల్లల్ని అడిగింది. మూడో బెంచీలో బేబీ అనే అమ్మాయి లేచి, తినే మనిషి మారాడండి అంది. మొదటి దానికి ఆకలితో ఉన్నాడు, నాలుగోదానికి ప్రిన్సిపాల్ గారితో ఉన్నాడు అంది.

అప్పుడు నవ్వారు పెద్దాయన. ముందు భుజాలు కదిలాయి, తర్వాత శబ్దం వచ్చింది.

ఆవిడ ఆగలేదు. రెండోదాకా మొత్తం తృప్తి పెరుగుతూనే ఉంది, పెరగడం మాత్రం తగ్గింది, మూడోదానికి ఆగిపోయింది. నాలుగోదానితో మొత్తమే తరిగింది. అయితే మర్యాద ఎక్కడ ఆపాలి అని అడిగింది. గదంతా ఒకేసారి మాట్లాడింది. మూడు దగ్గర అన్నారు కొందరు. రెండు దగ్గరే, మూడోది మొహమాటం అన్నారు కొందరు. వద్దన్నప్పుడే అన్నాడు ఎవడో వెనకనుంచి. ప్రిన్సిపాల్ గారు కిందకి చూశారు. నేనూ చూశాను.

పెద్దాయన బెంచీలో కూర్చుని, క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని, బెల్లు కొట్టేదాకా విన్నారు. మధ్యలో చెయ్యెత్తి రెండు డౌట్లు కూడా అడిగారు. ఆ మేడం పెన్ను రాస్తూనే ఉంది. తర్వాతి కాలేజీకి వాళ్ళు ఆలస్యంగా వెళ్ళారు. అక్కడ వడ్డనకి ఎంతమంది కాసుక్కూర్చున్నారో పాపం.

వెళ్ళేముందు నన్ను పిలిచారు. మీ ఊరి కుక్కలు మంచివమ్మా, తీసకపోయి సరైన గదిలోనే పెట్టినాయి అన్నారు.

జులై 31, గురువారం

ప్రిన్సిపాల్ గారు ఇవాళ టీతో పాటు బిస్కెట్టు కావాలా అని నేనంటే వద్దన్నారు. నేను ఇవ్వలేదు. ఇద్దరికీ ఏదోలా ఉంది.

ఆగస్టు 20, బుధవారం

దీవెన మేడానికి కొనసాగింపు ఆర్డరు వచ్చింది. రిపోర్టులో ఆవిడ క్లాసు గురించి ప్రత్యేకంగా రాశారట: స్థానిక వనరులతో అనుభవపూర్వక బోధన. స్థానిక వనరులంటే నేనూ బుల్లియ్యా కాబోలు.

సంపూర్ణమ్మ గారిని కూడా తీసుకొచ్చింది. ఆవిడ నా నెత్తి మీద చెయ్యి పెట్టి, స్టవ్ పక్కనే నిలబెట్టి ప్రార్థన చేసింది. ఈ బిడ్డ చిలిపితనం నీకు తెలుసు ప్రభువా అంది. ఎవరు చెప్పారో. మొత్తం అయ్యేదాకా కళ్ళు మూసుకునే ఉన్నాను. మా ఆయన ఫోటో తీశాడు, నేను నోరు మూసుకుని ఉన్న ఫోటో ఇంట్లో ఇదొక్కటేనట.

సెప్టెంబర్ 1, సోమవారం

సర్క్యులర్. రాష్ట్రంలో ఎకనామిక్స్ చెప్పే ప్రతి లెక్చరరూ ఈ పాఠం తీపి వస్తువుతోనే చెప్పాలి. పూతరేకు దొరకని చోట దానికి సమానమైన స్థానిక తీపి వాడాలి. తినే మనిషి అరవై ఏళ్ళు దాటకుండా ఉంటే మంచిది. వీడియో తీసి అప్‌లోడ్ చేయాలి.

వీరబాబు గారు అది తనక్కూడా అనుకుని వచ్చి, మొఘలులకి ఏ స్వీటు పెట్టాలి దుర్గా అని అడిగారు. జహంగీరు ఉంది కదండీ, ఒకటి మీరే తిని, మిగతాది పిల్లల్ని చెప్పమనండి అన్నాను. ఆలోచిస్తూ వెళ్ళారు.

సెప్టెంబర్ 8, సోమవారం

దీవెన మేడాన్ని మాస్టర్ ట్రైనర్ చేశారు. పాఠం ఎలా చెప్పాలో జిల్లా జిల్లా తిరిగి లెక్చరర్లకి చెప్పాలి. ఇవాళ విజయవాడ, తర్వాత కర్నూలు వైపు. మరి నా క్లాసు ఎవరు చూస్తారండీ అని ఆవిడ అడిగితే, ఇదంతా క్లాసు బాగుపడటానికే కదమ్మా అని జవాబొచ్చిందట.

మెడలో తాడు, చేతిలో గుడ్డసంచి ఇచ్చారు. బస్సెక్కేముందు నా వైపు చూసి నవ్వబోయింది. నేను ఒక పొట్లం బజ్జీలిచ్చాను. రెండే పెట్టాను.

సెప్టెంబర్ 15, సోమవారం

పది గంటల బజ్జీలన్నీ అయిపోయాయి. నాకేమీ బాగాలేదు.

పిల్లలు లేని టైము చూసి రూమ్ తొమ్మిదిలోకి వెళ్ళి, బోర్డు మీద రాసి వచ్చాను:

డిమాండు ఉంది. సప్లయి ట్రైనింగుకి వెళ్ళింది.